ఇంకొక్క తూరి

మా ఆయన ఉద్యోగం పోయింది ఓడిపోయినందుకు కాదు. కప్పు గెలిచిన నెలలోనే తీసేశారు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. నేను మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో నర్సును. ఆయన అదే ఊర్లో ఒక కాలేజీ జట్టుకు ఫుట్‌బాల్ కోచ్. అమ్మానాన్నల ముఖం తెలియకుండా మిషన్ హాస్టల్లో పెరిగిన మనిషి. ఆయన్ను ఎవరైనా మొదట మెచ్చుకున్నది బంతి వెనక పరిగెత్తినప్పుడే. అది ఆయన ఒంట్లో ఉండిపోయింది. గెలిచిన రోజు వీధి చివరి నుంచే అడుగుల చప్పుడులో తెలిసిపోయేది. ఓడిన రోజు పళ్ళెం ముందు కూర్చుని సంగటి ముద్ద అట్లాగే చల్లారబెట్టేవాడు. పెళ్ళయిన కొత్తలో నాకది ముచ్చటగా ఉండేది. పోనుపోను భయంగా ఉండింది.

ఆ ఏడాది ఆయన జట్టుకు గోల్‌కీపరు కురబలకోట దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుర్రాడు. ఇరవై ఏళ్ళుంటాయి. గొర్రెలు మేపుకునే ఇల్లు. పొడుగ్గా, నల్లగా, నెమ్మదిగా ఉండేవాడు. మాట్లాడమంటే నేల చూసేవాడు. గోల్లో నిలబడితే మాత్రం వేరే మనిషి. వాడి గురించి చెప్పేటప్పుడు మా ఆయన గొంతు మారిపోయేది. "వాడి చేతుల్లో ఏదో ఉండాది మే," అనేవాడు నాతో.

ఫైనల్ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. జరిగింది తర్వాత చాలామంది నోట విన్నాను. బంతి కోసం పక్కకి ఎగిరిన కుర్రాడి తల ఇనుప స్తంభానికి కొట్టుకుంది. కాసేపు కదలకుండా పడిపోయాడు. నీళ్ళు చల్లితే లేచాడు. మా ఆయన వంగి, "బాగుండావా?" అని అడిగాడు. "బాగుండా సార్," అన్నాడు వాడు. "ఆడతావా?" "ఆడతా సార్." మా ఆయన వాడి వీపు తట్టి మళ్ళీ గోల్లో నిలబెట్టాడు. గెలిచారు. వాణ్ణి భుజాల మీద ఎత్తుకుని బస్టాండు దాకా ఊరేగించారంట. ఆ ఊరేగింపులోనే వాంతి చేసుకున్నాడంట. ఎండ దెబ్బ అనుకున్నారు.

సాయంత్రం వాణ్ణి నా వార్డుకే తెచ్చారు. అప్పటికే ఒక కంటిపాప పెద్దదై వెలుతురుకు కదలడం లేదు. డాక్టరు చూసి వెంటనే వేలూరు పంపించాడు. బుర్ర లోపల గడ్డకట్టిన నెత్తురు తీశారు. బతికాడు. కానీ ఎడమ కణత పైన ఎముక ముక్క ఒకటి తీసేయాల్సి వచ్చింది. తిరిగి మా ఆసుపత్రికి వచ్చినప్పుడు కట్టు మార్చింది నేనే. ఎముక లేనిచోట చర్మం గుండెతో పాటు కొట్టుకుంటూ కనిపించేది. మూర్ఛలు కూడా మొదలయ్యాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు వాళ్ళమ్మకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. బావి దగ్గరికి పోనీకండి, చెట్టు ఎక్కనీకండి, బంతి ముట్టనీకండి. తలకు ఇంకొక్క దెబ్బ తగిలితే తన చేతుల్లో కూడా ఏమీ ఉండదన్నాడు.

వాడు వార్డులో ఉన్నన్నాళ్ళూ మా ఆయన రోజూ వచ్చేవాడు. వాకిలి దాకా వచ్చి అక్కడే నిలబడేవాడు. వాళ్ళమ్మ, ముతక చీర కట్టుకున్న సన్నపాటి మనిషి, ఒకరోజు నాతో అనింది.

"అయ్యోరిని లోపలికి రమ్మనమ్మా. ఆడనే నిలబడితే కాళ్ళు నొయ్యవా?"

చెప్పాను. ఆయన రాలేదు. తల ఊపి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

కాలేజీ పెద్దలు పిలిపించి మర్యాదగానే మాట్లాడారు. మీరు కావాలని చేశారని మేమనడం లేదు, అయినా ఇంక మీరు వద్దు అన్నారు. ఇంటికొచ్చి నాకు ఆ మాట అట్లాగే చెప్పి, కాళ్ళు కడుక్కుని పడుకున్నాడు. మరుసటి రోజు నుంచి సాయంత్రం అయితే ఆయనకు ఏం చేయాలో తెలిసేది కాదు. షూ వేసుకునేవాడు. కాసేపు కూర్చునేవాడు. మళ్ళీ విప్పేవాడు. ఊర్లో ఉన్న బడులన్నీ తిరిగాడు. బి.కొత్తకోట పోయాడు, పెద్దమండ్యం దాకా పోయాడు. చూస్తాం మాస్టరూ అనేవాళ్ళు, ఎవరూ చూసేవాళ్ళు కాదు.

ఆ చలికాలంలోనే ఆ కుర్రాడు మా ఇంటి ఎదురుగా కనిపించడం మొదలైంది.

మొదటిసారి చూసినప్పుడు నేను బట్టలు ఆరేస్తున్నాను. రోడ్డుకు అవతల, మూసేసిన సోడా అంగడి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల మీది నుంచి నల్ల గొంగడి కప్పుకున్నాడు. ముఖం సగమే కనిపిస్తోంది. మా గేటు వంకే చూస్తున్నాడు. నేను చేయి ఊపితే పలకలేదు. పొద్దు వాలేదాకా కూర్చుని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వారంలో ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. లోపలికి రాడు, తొందరగా పోడు, పలకడు. మా ఆయనకు చెబితే కిటికీ లోంచి చూసి, తలుపు వేసి, "నువ్వేం మాట్లాడించొద్దు," అన్నాడు. ఆయన గొంతులో కూడా భయం ఉంది.

ఆసుపత్రి కాంపౌండరుది ఆ పల్లె పక్కనే. ఆయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "వాని అన్నలు మొరటోళ్ళమ్మా. సారును ఒంటిగా తిరగొద్దని చెప్పు. ఊర్లో ఏందేందో అనుకుంటాండారు."

ఏందేందో అంటే ఏమిటని నేను అడగలేదు. అడిగి తెలుసుకుంటే ఇంకా కష్టమనిపించింది. ఆ రోజు నుంచి మా ఆయన ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే పొయ్యి మీద ఏముందో కూడా నాకు గుర్తుండేది కాదు.

ఇట్లా ఉండగా, మా ఆయన పని కోసం అడిగి వచ్చిన పుంగనూరు నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక పెద్ద రైతు, చెరకు తోటలూ లారీలూ ఉన్న మనిషి, సొంతంగా ఫుట్‌బాల్ జట్టు పెట్టాడు. మదనపల్లె వాళ్ళు ఏదో పెళ్ళిలో ఆయన జట్టును ఎగతాళి చేశారంట. దాన్ని మనసులో పెట్టుకున్నాడు. మా ఆయన్ను ఇంటికి పిలిపించి మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, "నువ్వు పాతవన్నీ మర్సిపో మాస్టరూ. నేనూ అడగను. నాకు ఒగటే. మదనపల్లెను కొట్టల్ల," అన్నాడంట.

ఆయన ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. వీధి చివరి నుంచే అడుగులు వినిపించాయి. "ఇంకొక్క తూరి అవకాశం అడిగినా మే. ఇచ్చినారు," అన్నాడు. పిల్లవాడిలా నవ్వాడు. సంతోషపడాలి కదా, పడ్డాను. కానీ ఆ నవ్వులో పాత ఆకలి కనిపించింది.

రోజూ బస్సులో పుంగనూరు పోయి వచ్చేవాడు. ఒక ఆదివారం చర్చి అయ్యాక నేనూ వెంట వెళ్ళాను. సంత జరిగే మైదానంలో ఆడేవాళ్ళు. పశువులను కట్టే గుంజలు పీకేశారు గానీ కొన్నింటి మొదళ్ళు నేలలోనే ఉండిపోయాయి. గోల్ దగ్గర కూడా ఉన్నాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. తలెత్తేసరికి గోల్ వెనక, కాస్త దూరంలో, నల్ల గొంగడి. వాడే. ఇంతదూరం వచ్చాడు. బంతి అటు పోయినప్పుడల్లా వాడి చేతులు గొంగడి లోపల కదులుతున్నాయి.

తిరిగి వచ్చే బస్సులో అడిగాను, "వాడు ఈడికి గూడా వస్తాండాడా?"

"దినామూ వస్తాండాడు," అన్నాడు ఆయన కిటికీ బయటికి చూస్తూ.

మదనపల్లెతో మ్యాచ్ దగ్గర పడుతున్న రోజుల్లో వాడు మా గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం. ఆయన వరండాలో ఉన్నాడు. గొంగడి కింద వాడి కుడిచేయి ఏదో గట్టిగా పట్టుకుని ఉంది. నాకు కాంపౌండరు మాటలు గుర్తొచ్చాయి. పక్కింటివాళ్ళను కేక వేద్దామని గోడ దగ్గరికి జరిగాను.

వాడు మెట్ల దగ్గర ఆగి గొంగడి తీసి ఆ చేతిని ముందుకు చాచాడు. మడతపెట్టిన పాత జెర్సీ.

"సార్, నన్ను మళ్ళా గోల్లో నిలబెట్టండి."

ఆయన లేచి నిలబడ్డాడు. "నీకేమన్నా పిచ్చా?"

"ఫిట్సు తగ్గినాయి సార్. మాత్రలు మింగతాండా. ఇంట్లో నన్ను గొర్రెల ఎంబడి గూడా ఒంటిగా పంపేది లేదు. మూలన గూసోబెట్టి సంగటి పెడతాండారు. నేను దేనికీ పనికిరానోడినా సార్?"

"డాక్టరు వద్దన్నాడు గదరా."

"మిమ్మల్నీ వద్దన్నారు గద సార్. మీరు పోయి ఇంకొక్క తూరి అడిగినారు. పుంగనూరోళ్ళు ఇచ్చినారు. నేను మిమ్మల్ని అడుగుతాండా."

మా ఆయన మెట్లు దిగి గేటు తీసి పట్టుకున్నాడు. "పోరా, ఇంటికి పో," అన్నాడు. వాడు జెర్సీ మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని తీసి లోపల పెట్టింది ఆయనే. వద్దనుకున్నవాడు పారేస్తాడు, లేదా తిరిగి ఇస్తాడు. ఆయన పెట్టెలో పెట్టాడు.

ఆ వారంలోనే పుంగనూరు జట్టు గోల్‌కీపరుకు వేళ్ళు విరిగాయి. పెద్ద రైతుకు గోల్ వెనక నిలబడే కుర్రాడి సంగతి ఎవరో చెప్పారు. ఆయన మా ఆయన్ను పిలిపించి అన్నాడంట, "వాడు ఆడతానని కాళ్ళమీద పడతాంటే నీకేం నొప్పి? వాణ్ణి నిలబెట్టు. లేదంటావా, ఇంగ నువ్వు గూడా దేనికి నాకు?"

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. నేను వెంటనే, "వచ్చేయండి. మనకు ఆ పని వద్దు," అన్నాను. ఆయన వినలేదు. వినలేదంటే గొడవ పడలేదు. నెమ్మదిగా అడిగాడు.

"డాక్టరు ఏమన్నాడు, సరిగ్గా చెప్పు. ఖచ్చితంగా ప్రాణం పోతాదన్నాడా?"

"ఖచ్చితంగా అని ఏ డాక్టరు చెప్తాడండీ?"

"అదే మరి," అన్నాడు.

ఆ రెండు మాటలతో నాకు తెలిసిపోయింది. వాణ్ణి ఆడించడానికి ఆయన దారి వెతుకుతున్నాడు. మరుసటి రోజు డ్యూటీకి పోతుంటే, వార్డు నుంచి కాస్త దూదీ మందపాటి కట్టుగుడ్డా తెమ్మన్నాడు. ఎందుకన్నాను. చెప్పలేదు. తేలేదు నేను. సాయంత్రానికి ఆయనే బూరుగు దూది కొని, దర్జీతో ఒక టోపీ కుట్టించుకొచ్చాడు. చెవుల మీదికి దిగే టోపీ. ఎడమవైపు మాత్రం రెండింతల మందం. దాన్ని చేతి మీద పెట్టుకుని, పిడికిలితో గుద్ది గుద్ది చూస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నేను చూస్తున్నానని తెలిసీ ఆపలేదు.

మ్యాచ్ ముందు రోజు సెలవు పెట్టి కురబలకోట పోయాను. అక్కడి నుంచి నడక. వాళ్ళమ్మ ఇంటి ముందు గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. నన్ను చూసి లేచి, "రామ్మా నర్సమ్మా, ఏం ఇట్లొచ్చినావు?" అనింది. చెప్పాను. కొడుకు పుంగనూరు పోతున్నట్టు ఆమెకు తెలియదు. మదనపల్లెకు మాత్రల కోసం పోతున్నానని చెప్పేవాడంట. పూర్తిగా విని, గొర్రెపిల్లను కింద పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు.

"నేను వద్దంటే వాడు వినడమ్మా. మొగపిల్లోడు, తాళం పెట్టేది అవుతాదా? రేపు నన్ను ఆడికి తోడుకొని పో," అనింది.

పుంగనూరు మైదానం జనంతో నిండిపోయింది. లారీల మీద కూడా ఎక్కి నిలబడ్డారు. పెద్ద రైతు మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మేము చేరేసరికి జట్లు దిగాయి. గోల్లో వాడు, తలకు ఆ టోపీతో. జనం టోపీని చూసి ఈలలు వేస్తున్నారు. వాడికేమీ పట్టలేదు. మోకాళ్ళు వంచి, చేతులు చాచి నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే వాడు అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. మా ఆయన గీత పక్కన నిలబడ్డాడు. ముఖంలో రక్తం లేదు. కళ్ళు మాత్రం బంతి మీదే ఉన్నాయి.

రెఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు. నా పక్కన ఉన్న వాళ్ళమ్మ చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపుకుని, గీత దాటి నడిచింది. పరిగెత్తలేదు. చేను గట్టు మీద నడిచినట్టు నేరుగా గోల్ లోకి పోయి, ఒక చేత్తో స్తంభం పట్టుకుని కొడుకు పక్కన నిలబడింది.

జనం నవ్వారు. "ఎవురీ అవ్వ?" "తీసేయండ్రా!"

"అమ్మా, పోమ్మా," అన్నాడు వాడు.

"నువ్వు ఆడు నాయనా. నేను అడ్డం రాను. నీకు తగిలేది నాకూ తగలనీ. ఈడనే ఉంటా."

రెఫరీ వచ్చి చెప్పాడు. కదల్లేదు. ఆటగాళ్ళు ఆమెను ముట్టుకోవడానికి జంకారు. నవ్వులు నెమ్మదిగా తగ్గాయి. అప్పుడు మా ఆయన నడుచుకుంటూ గోల్ దగ్గరికి పోవడం చూశాను. ఆసుపత్రిలో గడప దాటలేకపోయిన మనిషి, ఆమె ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ఆయన్ను ఊరికే చూసింది. ఆయన చేయి చాచి కుర్రాడి తల మీది టోపీ తీశాడు. ఆ కణత, కొట్టుకునే ఆ చర్మం, ముందు వరసల్లో ఉన్న జనం కూడా చూశారు.

"రా, బయటికి రా."

"సార్, ఒక్క తూరి సార్. ఒక్క తూరి."

"ఆ ఇంకొక్క తూరి నాకే ఇచ్చుండగూడదు రా వాళ్ళు," అన్నాడు మా ఆయన.

వాడు ఏడుస్తూ బయటికి వచ్చాడు. ఎవరో కొత్త కుర్రాణ్ణి గోల్లో నిలబెట్టి ఆట మొదలుపెట్టారు. మేము ఉండి చూడలేదు. పెద్ద రైతు కుర్చీ పక్కగా పోతుంటే ఆయన కేకలేయలేదు. నెమ్మదిగా, "మాస్టరూ, ఇంగ ఈ ఊర్లో నీ మొగం కనపడగూడదు," అన్నాడు. పక్కన ఉన్న ఇద్దరు మనుషులు బస్టాండు దాకా మా వెనకే వచ్చారు. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడ్డారు. పుంగనూరు జట్టు ఓడిపోయిందని తర్వాత తెలిసింది.

ఆయన నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఎన్నో వారాలు ఇంట్లో ఇద్దరమూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. ఊర్లో ఉండలేకపోయాం. కుప్పంలో చర్చివాళ్ళ చిన్న ఆసుపత్రికి నర్సు కావాలంటే నేను అర్జీ రాసుకున్నాను. అట్లా ఎనభైలు మొదలయ్యేసరికి కుప్పం చేరాం. అక్కడి జనం ఒకే మాటలో తెలుగూ తమిళమూ కన్నడమూ కలిపి మాట్లాడతారు. మా సంగతి ఎవరికీ తెలియదు. ఆయన మొదట ఒక పట్టు దారం మిల్లులో లెక్కలు చూశాడు. తర్వాత రైలు కట్ట అవతల ఒక బడిలో డ్రిల్లు మాస్టరు పని దొరికింది. బంగారు గనుల నుంచి వచ్చే మనుషుల వల్ల ఆ పక్క ఊర్లలో ఫుట్‌బాల్ పిచ్చి ఎక్కువ. బడివాళ్ళే అడిగారు, జట్టు తయారు చేయమని. ఆయన చాలా రోజులు తప్పించుకున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. నేను ఆ వారమంతా సరిగా తినలేదు.

ఆయన జట్టు ఒక్క కప్పూ గెలవలేదు. ఎవరికైనా తలకు బంతి గట్టిగా తగిలితే చాలు, బయటికి పిలిచి కూర్చోబెట్టేసేవాడు. మంచి ఆటగాడైనా సరే, ఆట ఆఖరి నిమిషాలైనా సరే. పిల్లల తండ్రులు భయం మాస్టరని పేరు పెట్టారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. జట్టు గెలుస్తూ ఉన్న రోజున ఆయన ముఖం ఎట్లా ఉంటుందో చూడాలని మైదానం పక్కన నిలబడేదాన్ని.

కొన్నేళ్ళకు కురబలకోట నుంచి మనిషి వచ్చి చెప్పాడు. ఆ కుర్రాడు పోయాడు. గొర్రెలకు నీళ్ళు పెట్టడానికి కాలువలోకి దిగినప్పుడు ఫిట్సు వచ్చిందంట. మోకాలి లోతు కూడా లేని నీళ్ళు. బంతి లేదు, దెబ్బా లేదు.

మేమిద్దరమూ పోయాం. వాడి అన్నలు పలకరించలేదు, అడ్డమూ రాలేదు. వాళ్ళమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఈసారి పిలవకుండానే ఆయన లోపలికి పోయి నేల మీద కూర్చున్నాడు. ఆమె అడిగింది.

"అయ్యోరా, ఒగ మాట అడుగుతా, నిజం చెప్పప్పా. ఆ పొద్దు నేను పుంగనూరికి రాకుండా ఉంటే వాణ్ణి ఆడించుంటావా?"

అబద్ధం చెప్తాడేమోనని భయపడ్డాను. చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకా భయపడ్డాను.

"ఆడించుండేవాణ్ణమ్మా," అన్నాడు ఆయన.

ఆమె తల ఊపింది. ఎంతసేపు ఊపిందో. తర్వాత నేల చూస్తూ, "ఆడుంటే వాడు ఆ పొద్దన్నా నవ్వుకుంటా ఇంటికి వచ్చుండునేమో. వచ్చుండడేమో. నాకు తెలీదు," అని, లేచి లోపలికి పోయి మాకు మంచినీళ్ళు తెచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆయన నా పక్కన కూర్చుని ఒక్క మాటే అడిగాడు, "ఆయమ్మ అడిగిన మాట, జవాబు తెలిసే నువ్వు అడగలేదు గదా నన్ను, ఇన్నేండ్లూ?"

అవునన్నాను. మరుసటి రోజు ఉదయం ఎప్పటిలాగే బడికి పోయాడు.